సెకండ్ హ్యాండ్ ఏటీవీ కొన్నారా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇవి చూసుకోండి

సెకండ్ హ్యాండ్‌లో ఏటీవీ, అంటే నాలుగు చక్రాల బైకు, కొని తోటకాడ దించుకున్న మొదటి వారంలో ఎవురిని అడిగినా ఒకటే మాట, "గేర్ సరిగ్గా పడటంలే". ఒకరికి రివర్స్ పడదు, ఇంకొకరికి న్యూట్రల్ దొరకదు, మరొకరికి ఫస్ట్ వేస్తానే బండి ముందుకు దూకుతాది. దాంతో అమ్మినోడిని నాలుగు తిట్టి, బండిని మినీ వ్యాన్‌లో ఎక్కించి ఏదో ఒక బైక్ షెడ్డుకి తీసకపోతే, పాపం ఆయన జన్మలో నాలుగు చక్రాల బైకు విప్పి ఎరగడు, అయినా ఏదో ఒకటి చెప్పాల కదా, "బాక్స్ పోయినట్లుంది, దించాల్సిందేనన్నా" అంటాడు. దించితే ఇంక అంతే, మళ్లీ ఎప్పుడు ఎక్కుతాదో ఆ వెంకన్నకే తెలియాల.

నేను చెప్పేది ఏందంటే, ఈ కంప్లైంట్లలో చాలావాటికి ఇంజన్ దించే పనే ఉండదు. కొన్ని అసలు రిపేరే కాదు, ఆ రకం బండి గుణమే అంత. కొన్ని ఐడ్లింగ్ (ఎక్స్‌లేటర్ ముట్టనప్పుడు ఇంజన్ తిరిగే స్పీడు), కేబులు, ఆయిలు, ఒక స్క్రూ, వీటితో పోతాయి. నిజంగానే లోపల పళ్లు పోయిన బళ్లూ ఉంటాయి, వాటి లక్షణాలు వేరేగా ఉంటాయి, అది చివర్లో చెప్తా. అందుకే రూపాయి ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఖర్చయ్యే పని దిక్కు పోదాం, ఈ వరుస తప్పించొద్దు.

ఇంకో మాట, రిజిస్ట్రేషన్ లేని బండిని తారు రోడ్డు మీదికి తేవద్దు. ఏటీవీల్లో చాలావరకు ఆఫ్ రోడ్‌కి మాత్రమే అమ్మినవి, నంబర్ ప్లేట్ రాదు. ట్రయల్ అంతా మీ చేనులో, తోటలో, సొంత లేఅవుట్‌లో చేసుకోండి. శేషాచలం అడవి అంచుల్లో తోలదామనే ఆలోచన అసలే వద్దు, ఫారెస్ట్ వాళ్లు ఆపితే గేర్ల సంగతి తర్వాత, ముందు బండే చేతిలో ఉండదు.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

కంపెనీ పేరు, సీసీ పక్కన పెట్టి సీటు మీద కూర్చోండి. ఎడమ కాలికాడ గేర్ పెడల్ ఉందా? ఎడమ చేతి లివర్ పట్టుకుంటే ఏం జరుగుతా ఉంది?

పెడల్ ఉండి, ఎడమ చేతి లివర్ నొక్కితే బ్రేక్ పడితే అది సెమీ ఆటోమేటిక్. క్లచ్ ఉంది కానీ చేతికి లేదు, లోపల ఇంజన్ స్పీడుని బట్టి అదే పట్టుకుంటాది, గేర్ మార్చేటప్పుడు మీ కాలే దాన్ని వదిలిస్తాది. మనకాడ దొరికే 110, 125 సీసీ చైనా బళ్లలో ఈ రకం చాలా ఎక్కువ. సుజుకి ఓజార్క్ 250 కూడా ఇదే, ఐదు గేర్లు, రివర్స్ ఒకటి. పాత హీరో హోండా స్ట్రీట్ తోలినోళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే వాళ్లని ఎక్కించండి, వాళ్లకి ఇది చెప్పే పనిలేదు.

పెడల్ లేకుండా చేతికాడ ఒక లివర్, దాని పక్కన హెచ్, ఎల్, ఎన్, ఆర్, పి అనో లేదంటే ఎఫ్, ఎన్, ఆర్ అనో రాసుంటే అది ఆటోమేటిక్ (ఎఫ్ అంటే ముందుకి, ఎన్ న్యూట్రల్, ఆర్ రివర్స్, పి పార్కింగ్; హెచ్, ఎల్ సంగతి తర్వాత చెప్తా). పోలారిస్ స్పోర్ట్స్‌మన్ లాంటి పెద్దవాటిలో స్కూటర్ మాదిరి బెల్టు ఉంటాది, దాన్నే సీవీటీ అంటారు. చిన్న 110 సీసీ ఆటోమేటిక్‌లలో కొన్నింటికి బెల్టే ఉండదు, ముందుకు ఒకటే గేరు, వెనక్కి ఒకటి, అంతే. "స్పీడు రావడం లేదు, సెకండ్ పడటం లేదు" అని బాధపడేవాళ్లలో కొందరికి అసలు ఆ బండిలో సెకండే లేదు.

మూడోది బైక్ లాగా క్లచ్ లివరూ పెడలూ రెండూ ఉండేది. సుజుకి క్వాడ్‌స్పోర్ట్ జెడ్400 లాంటి స్పోర్ట్స్ బళ్లు. ఇవి తక్కువే దొరుకుతాయి, బైక్ తోలే చెయ్యికి సులభంగానే అలవాటవుతాయి.

ఇక్కడే మనోళ్లకి రెండు తిరకాసులు. ఒకటి, బైక్ అలవాటు కొద్దీ గేర్ మార్చేటప్పుడు ఎడమ చెయ్యి తనంతట తనే లివర్ పట్టుకుంటాది, సెమీ ఆటోమేటిక్‌లో అది బ్రేకు, బండి టక్కున ఆగి మీరు హ్యాండిల్ మీదికి పోతారు, అదేమో "గేర్ మార్చితే జర్క్ కొడతా ఉంది" అనే కంప్లైంట్ అవుతాది. రెండు, ఎక్స్‌లేటర్ చేతి బొటనవేలితో నొక్కేది, తిప్పేది కాదు. గతుకుల్లో, మలుపుల్లో హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు వేలు తెలియకుండానే నొక్కేస్తాది. ఈ రెండూ కుదిరేదాకా గేర్ల గురించి ఏ తీర్పూ ఇవ్వొద్దు.

దిమ్మల మీద పెట్టి గేర్లు లెక్కబెట్టండి

ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక భాగం గట్టి చెక్క దిమ్మల మీదికి లేపండి, రెండు వెనక చక్రాలూ గాల్లో ఉండాల. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే టూ వీల్‌లో పెట్టాకే, ఆ స్విచ్ లేని బండి అయితే నాలుగు చక్రాలూ లేపాకే ఈ పని. పిల్లోళ్లని దూరంగా ఉంచండి.

ముందు ఇంజన్ ఆఫ్‌లోనే. న్యూట్రల్ నుంచి ఒక్కో గేరు వేస్తా, ప్రతిసారీ వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించండి. స్ప్లెండర్‌లో అన్నీ కిందికి, పల్సర్‌లో ఒకటి కిందికి మిగతావి పైకి అన్నట్లే ఈ చైనా బళ్లలో కూడా ఒకదానికి ఒకటి పొంతన ఉండదు. కొన్నింటికి అన్నీ పైకి, కొన్నింటికి అన్నీ కిందికి. రివర్స్ కొన్నింటికి పక్కన వేరే లివర్, కొన్నింటికి ఒక బటనో నాబో పట్టుకొని న్యూట్రల్ నుంచి కాలితోనే కిందికి. మీ బండి ప్యాట్రన్ తేల్చుకొని ట్యాంకు మీద టేపు అంటించి రాసుకోండి, సిగ్గేం లేదు.

ఇంజన్ ఆఫ్‌లో ఒక గేరు నుంచి ఇంకో గేరుకి పడకపోతే అది జబ్బు కాదు. లోపల ఒక గేరు పక్కనున్న పళ్లు ఇంకో గేరు సందుల్లోకి దూరాల, పన్నుకి పన్ను ఎదురుగా నిలబడితే దూరదు. పెడల్ మీద మెత్తగా కాలు పెట్టి ఉంచి చక్రాన్ని కొంచెం కదిలిస్తే "టక్" అని పడతాది. పెద్ద ఆటోమేటిక్ బళ్లలో హెచ్ నుంచి ఆర్‌కి లివర్ మధ్యలో అడ్డం తగిలేదీ ఇందుకే. బలవంతంగా గుద్దితే మాత్రం లింకేజీ రాడ్డు వంగుతాది, అప్పుడు లేని జబ్బు తెచ్చుకున్నట్లు.

అన్ని గేర్లూ పడ్డాయా, వెనక్కి వచ్చాయా, రివర్స్ పడిందా చూసుకొని ఇప్పుడు స్టార్ట్ చేయండి. గాల్లో ఉన్న చక్రాలు గేర్లో మెల్లగా తిరుగుతా ఉంటే కంగారొద్దు, ఆయిల్‌లో మునిగిన క్లచ్ కొంచెం ఈడుస్తాది, బెల్టు బండి అయినా అంతే. చక్రం తిరుగుతా ఉన్నప్పుడు చెయ్యి పెట్టి ఆపొద్దు. నేల మీద ఎట్లా ఉంటాదనేదే అసలు లెక్క.

ఇంకొకటి, మీటర్‌లో వెలిగే గ్రీన్ లైటుని నమ్మొద్దు. అది గేరుని చూసి వెలగదు, ఒక స్విచ్చిని చూసి వెలుగుతాది. రిసార్టుల్లో తిరిగి వచ్చిన బళ్లలో ఆ స్విచ్చి మట్టి పట్టో, వైరు తెగో ఉంటాది. లైటు వెలగలేదంటే న్యూట్రల్ పడలేదని కాదు.

ఐడ్లింగ్, సగం గొడవలు ఇక్కడే

గేర్ వేస్తానే దూకడం, గరగరమని సౌండు, న్యూట్రల్ దొరక్కపోవడం, వీటికి మొదటి అనుమానం ఐడ్లింగ్ మీదనే. ఇంజన్ ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ స్పీడుగా తిరుగుతా ఉంటే క్లచ్ అప్పటికే సగం పట్టుకొని ఉంటాది, అట్లాంటప్పుడు గేర్ వేస్తే పళ్లు రాసుకోవడం, బండి ఎగరడం తప్పదు. అమ్మేవాళ్లు బండి ఆగిపోకుండా కనిపించాలని ఐడ్లింగ్ పెంచి పెట్టేది మామూలే.

చదును నేల మీద, ఇంజన్ బాగా వేడెక్కినాక, ఫస్ట్ గేర్లో పెట్టి, ఎక్స్‌లేటర్ ముట్టకుండా బ్రేక్ మెల్లగా వదలండి. బండి నిలబడి ఉండాల. తనంతట పాకతా పోతే ఐడ్లింగ్ ఎక్కువుంది, లేదంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. కార్బొరేటర్ బండి అయితే ఐడ్లింగ్ స్క్రూ కొంచెం కొంచెంగా బయటికి తిప్పి తగ్గించండి. చిన్న ఇంజన్లలో సుమారు 1,500 ఆర్‌పీఎం కాడ ఉంటే చాలు, మీటర్ లేకపోతే చెవితోనే, ఆగిపోకుండా నిలకడగా కొట్టుకునేంత తక్కువలో పెట్టండి. తగ్గించినా పాకతానే ఉందంటే అప్పుడు ఆయిలు, క్లచ్ స్క్రూ చూద్దాం.

స్క్రూ ముట్టకముందే ఒక పని, ఇంజన్ ఆన్‌లో న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పండి. తిప్పుతా ఉంటే ఇంజన్ సౌండు పెరిగిందంటే ఎక్స్‌లేటర్ కేబుల్ బిగుసుకోనైనా ఉండాల, ఎక్కడో ఫ్రేము సందులో ఇరుక్కోనైనా ఉండాల. అప్పుడు తప్పు స్క్రూలో లేదు. చెన్నై ఈసీఆర్ దిక్కు బీచ్ రిసార్టుల నుంచి వచ్చిన బళ్లలో కేబుళ్లు ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టి ఉంటాయి, వేలు వదిలినా ఎక్స్‌లేటర్ వెనక్కి రాదు. అది గేర్ సమస్య కంటే ముందు ప్రాణాల సమస్య, కేబుల్ మార్చేదాకా తోలొద్దు.

చోక్ వేసి ఉన్నప్పుడు ఐడ్లింగ్ ఎక్కువుండేది సహజం. తిరుపతి ఎండలకి చోక్ పని పెద్దగా పడదు కానీ, పలమనేరు, మదనపల్లె దిక్కు డిసెంబరు తెల్లవారుజామున స్టార్ట్ చేసి వెంటనే గేర్ వేస్తే బండి దూకుతాది, ఆయిలు కూడా గట్టిగా ఉంటాది. కాసేపు ఆగి, చోక్ తీసేసి, సౌండు దిగినాక వేయండి. ఇంజెక్షన్ బళ్లలో ఈ పని కంప్యూటరే చేస్తాది, స్టార్ట్ అయిన వెంటనే స్పీడుగా ఉండి తర్వాత దిగుతాది, అక్కడ మీరు తిప్పేది ఏమీ లేదు, ఆగడమే.

సెమీ ఆటోమేటిక్‌లో కాలు ఎట్లా వేయాల

పెడల్ రెండు పనులు చేస్తాదని గుర్తు పెట్టుకోండి. నొక్కుడు మొదట్లో క్లచ్ వదిలిస్తాది, నొక్కుడు చివర్లో గేర్ మారుస్తాది. కాలు పైకి వచ్చేటప్పుడు క్లచ్ మళ్లీ పట్టుకుంటాది. కాబట్టి బైక్‌లో మాదిరి కొనకాలితో టక్కున తన్ని వదిలేస్తే పని సగమే అవుతాది.

ఎక్స్‌లేటర్ మీద నుంచి చేతి బొటనవేలు పూర్తిగా వదలండి. పెడల్‌ని తగిలేదాకా పూర్తిగా నొక్కి, ఒక్క క్షణం అట్లే పట్టుకోండి. ఇప్పుడు పెడల్‌ని మెల్లగా వదులుతా ఎక్స్‌లేటర్ ఇవ్వండి. గేర్ తగ్గించేటప్పుడు బండి స్పీడు బాగా దించినాక అదే పని, పెడల్ వదిలేది ఇంకా నిదానంగా, అలవాటైనాక పెడల్ నొక్కి ఉంచే కొంచెం రేజ్ ఇచ్చి వదిలితే జర్క్ తెలియదు. చెప్పులతో తోలితే పూర్తి నొక్కుడు రాదు, షూ వేసుకోండి. పెడలు మరీ కిందికో పైకో ఉంటే దాని బోల్టు వదులు చేసి షాఫ్టు మీద ఒక పన్ను జరిపి పెట్టుకోవచ్చు.

రివర్స్‌కి బండి పూర్తిగా ఆగాల. "దాదాపు ఆగింది" అంటే సరిపోదు, చక్రం ఇంకా దొర్లుతా ఉంటే గరగరమంటాది. ఆగినాక న్యూట్రల్, తర్వాత బ్రేక్ పట్టుకొని రివర్స్ లివర్. పడకపోతే బండిని ఒక జానెడు ముందుకో వెనక్కో ఆడించి మళ్లీ వేయండి. ప్రతిసారీ ఇదే బాధ ఉండి, లివర్ చివరిదాకా పోయినా గేర్ సగమే పడతా ఉంటే కేబుల్ సాగి ఉంటాది, దాని చివర అడ్జస్ట్‌మెంట్ నట్టు ఉంటాది, సాగిన లూజు తీసేయండి. రివర్స్‌లో "గుయ్" అని సౌండు ఎక్కువొచ్చేది చాలా బళ్లకి సహజం, దానికి భయపడొద్దు.

గుట్ట దిగేటప్పుడు మాత్రం ఒక మాట బాగా వినండి. చంద్రగిరి, పాకాల దిక్కు మామిడి తోటలు గుట్ట వాలులో ఉంటాయి కదా, దిగతా దిగతా గేర్ తగ్గిద్దామని పెడల్ నొక్కితే ఆ క్షణం క్లచ్ వదిలేస్తాది, ఇంజన్ పట్టు పోయి బండి ఒక్కసారిగా జారతాది. బైక్‌లో క్లచ్ పట్టుకొని దిగినట్లే ఇది, కాకపోతే ఇక్కడ మీరు గేర్ మార్చాననుకుంటారు. కాబట్టి దిగకముందే, పైనే ఆగి ఫస్టో సెకండో వేసుకొని, కాలు పెడల్ మీద నుంచి తీసేసి దిగండి. మరీ నిదానమైతే ఇంజన్ స్పీడు పడిపోయి క్లచ్ తనంతట వదిలేస్తాది, అప్పుడు బండి తేలిపోయినట్లు ఉంటాది, బ్రేక్ మీద ఉంటూ కొంచెం ఎక్స్‌లేటర్ తాకిస్తే మళ్లీ పట్టుకుంటాది. ఇది రిపేర్ కాదు, ఆ క్లచ్ పని చేసే తీరే అది. మామూలు బెల్టు బళ్లలో కూడా ఇదే కథ. పోలారిస్‌లో ఇంజన్ బ్రేకింగ్ ఉన్న మోడళ్లు ఉన్నాయి, వాటిలో ఎక్స్‌లేటర్ వదిలినా ఇంజన్ పట్టుకుంటాది. మీదానికి ఉందో లేదో చిన్న వాలులో చూసుకోండి, పెద్ద గుట్ట మీద కాదు. ఏ రకమైనా సరే న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు.

బెల్టు బండి అయితే

వీటిలో లివర్ మార్చేది బండి ఆగి, ఇంజన్ ఐడ్లింగ్‌కి దిగి, బ్రేక్ మీద కాలు ఉన్నప్పుడే. తోలతా హెచ్ నుంచి ఎల్‌కి లాగేది లేదు. హెచ్ అంటే మామూలు నడకకి. ఎల్ అంటే బరువు లాగడానికి, ఎత్తు ఎక్కడానికి, బురదలో, నత్తనడకన పోయే పనికి. బెంగళూరా మామిడికాయల సీజన్‌లో క్రేట్లు వేసిన ట్రాలీ తగిలించి హెచ్‌లో గుట్ట ఎక్కిస్తే బెల్టు జారి కాలిన రబ్బరు వాసన వస్తాది, ఇంజన్ మొత్తుకుంటాది, బండి కదలదు, "గేర్ పట్టడం లేదు" అంటారు. ఎల్‌లో వేస్తే సాఫీగా పోయే పని అది.

వంక దాటినాక బండి లాగకపోతే బెల్టు బాక్సులోకి నీళ్లు పోయి ఉంటాయి. న్యూట్రల్‌లో పెట్టి, కవర్ కింద డ్రైన్ ప్లగ్గు ఉంటే తీసి నీళ్లు వదిలి, నాలుగైదు సార్లు రేజ్ చేస్తే ఆరతాది. నవంబరు వానల్లో ఇది మామూలే. ఎండాకాలంలో కూడా ఇట్లానే జారతా ఉంటే కవర్ విప్పి బెల్టు చూడండి, పక్కలు మెరిసేటట్లు నున్నగా అయ్యో, ఒకచోట గుంత పడో ఉంటే మార్చాల్సిందే. ఒక చోట మాత్రమే అరిగిన బెల్టుతో బయలుదేరేటప్పుడు ప్రతిసారీ ఒక కుదుపు వస్తాది.

రివర్స్‌లో కొంచెం స్పీడు పోంగానే ఇంజన్ మిస్ కొట్టినట్లు టపటపమంటే కార్బొరేటర్ విప్పించొద్దు. వెనక్కి ఎక్కువ స్పీడు పోకుండా కంపెనీనే పెట్టిన లిమిటర్ అది. చాలా బళ్లలో ఎడమ చేతికాడ ఓవర్‌రైడ్ బటన్ ఉంటాది, బురదలో ఇరుక్కున్నప్పుడు అది నొక్కి పట్టుకుంటే లిమిట్ పోతాది. ఊరికే వాడొద్దు.

వాలులో పి వేసి బ్రేక్ వదిలేస్తే బరువంతా ఆ చిన్న లాక్ ముక్క మీద పడతాది, తర్వాత పి నుంచి లివర్ రాక రెండు చేతులతో గుంజుతారు. ముందు బ్రేక్ పట్టి, పార్కింగ్ బ్రేక్ లాక్ చేసి, అప్పుడు పి వేయండి. ఇప్పటికే ఇరుక్కొని ఉంటే బండిని ఎగువకి కొంచెం నెట్టించి లివర్ కదపండి, మెత్తగా వస్తాది.

లివర్ ఒక చోట, గేర్ ఇంకో చోట ఉంటే, అంటే ఎన్ కాడ పెడితే ఆర్ పడతా ఉంటే, లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి పోయే రాడ్డుని చూడండి. దాని చివర బుష్‌లు, బాల్ జాయింట్లు అరిగి లొడలొడ ఆడతా ఉంటాయి. ఒకరు లివర్ కదిలిస్తా ఉంటే ఇంకొకరు కింద గేర్‌బాక్స్ కాడ ఆర్మ్‌ని చూడాల, లివర్ కదిలిన వెంటనే అదీ కదలాల. మధ్యలో ఆలస్యం ఉంటే జబ్బు రాడ్డులోనే ఉంది. బుష్ మార్చి, లాక్ నట్టు వదులు చేసి పొడవు సరిచేస్తే అయిపోతాది.

చేతి క్లచ్ ఉన్న స్పోర్ట్స్ బళ్లకి చెప్పేది తక్కువే, లివర్ చివర సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్ల లూజు ఉండాల, అంతకంటే ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు, అసలు లేకపోతే జారతాది. మిగతాదంతా బైకే.

ఆయిల్ మార్చండి, ఏముందో చూడకుండా మాత్రం పారబోయొద్దు

పాత బండిలో ఎవరు ఏ ఆయిల్ పోశారో ఎవరికీ తెలియదు, కాబట్టి ఇది తప్పనిసరి. చిన్న ఇంజన్లలో క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటాది. కార్లకి వాడే కొన్ని ఆయిళ్లలో జారుడు ఎక్కువ చేసే మందులు ఉంటాయి, అవి పోస్తే క్లచ్ ప్లేట్లు పట్టవు. డబ్బా వెనక జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని ఉండాల, అది బండ్ల ఆయిళ్లకి జపాన్ వాళ్లు ఇచ్చే గ్రేడు. ఎంబీ అనేది స్కూటర్లకి, ఎందుకంటే స్కూటర్లో క్లచ్ పొడిగా బయట ఉంటాది. ఇంట్లో స్కూటర్‌కి తెచ్చిన ఆయిల్ మిగిలింది కదా అని సెమీ ఆటోమేటిక్‌లో పోసేస్తే క్లచ్ స్లిప్‌ని మీరే కొని తెచ్చుకున్నట్లు.

110 సీసీలో 800 నుంచి 900 ఎంఎల్ పడతాది, ఆయిల్ కొలిచే స్టిక్‌తో చూసుకొని పోయండి. హోండా తరహా ఇంజన్లలో స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాల. పెద్ద బెల్టు బళ్లలో ఇంజన్ ఆయిల్ వేరు, గేర్‌కేస్ ఆయిల్ వేరు, రెండోది మార్చకుండానే ఏళ్ల తరబడి తిప్పేస్తారు.

దించిన ఆయిల్‌ని తెల్లటి ట్రేలో పట్టి ఎండలో పెట్టి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు పోయినట్లు. వెండి పొడి మాదిరి సన్నటి మెరుపు కొంచెం ఉంటే పాత ఇంజన్‌కి అది మామూలు. వేలికి గుచ్చుకునే ముక్కలు, పన్ను విరిగినట్లుండే తునకలు కనిపిస్తే అప్పుడు ఇంజన్ ఇంక స్టార్ట్ చేయొద్దు. కాలిన వాసన, నల్లటి పొట్టు ఎక్కువుంటే క్లచ్ ప్లేట్లు అయిపోవచ్చాయి.

సెమీ ఆటోమేటిక్ క్లచ్ స్క్రూ

ఐడ్లింగ్ సరి, ఆయిల్ కొత్తది, అయినా బండి పాకతా ఉంది, గేర్లు గట్టిగా పడతా ఉన్నాయి అంటే ఇక్కడికి రండి. ఇంజన్ కుడిపక్క కవర్ మీద ఒక లాక్ నట్టు, దాని మధ్యలో స్క్రూ ఉంటాది, కొన్నింటికి పైన చిన్న మూత ఉంటాది. ఇంజన్ చల్లగా, ఆఫ్‌లో ఉండాల.

లాక్ నట్టు వదులు చేయండి. స్క్రూని గడియారం తిరిగే దిక్కు ఒక చుట్టు తిప్పండి. ఇప్పుడు ఎదురు దిక్కుకి మెల్లగా, వేళ్లతో తిప్పినంత బలంతోనే తిప్పుతా రండి, ఒకచోట గట్టిగా తగులుతాది. అక్కడ ఆపి, మళ్లీ గడియారం దిక్కుకి చుట్టులో ఎనిమిదో వంతు, ఎక్కువంటే నాలుగో వంతు వెనక్కి తీయండి. స్క్రూ కదలకుండా స్క్రూ డ్రైవర్‌తో పట్టుకొని నట్టు బిగించండి. నట్టుతో పాటు స్క్రూ తిరిగిపోయిందంటే చేసిందంతా పోయినట్లే, మళ్లీ మొదటి నుంచి. ఇది హోండా కబ్ తరహా ఇంజన్లకి, మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరేగా ఉంటే దాని ప్రకారమే చేయండి.

చేసినాక ఫస్ట్‌లో పెట్టి చూడండి. పాకడం పోవాల, ఎక్స్‌లేటర్ ఇస్తే జారకుండా లాగాల. ఇంజన్ మొత్తుకుంటా ఉంటే బండి నిదానంగా కదిలితే ఎక్కువ తిప్పేసినారు.

బయట ఉండే దొంగలు

గేర్ పెడల్‌ని పట్టుకొని పైకీ కిందికీ ఆడించండి, షాఫ్టు తిరగకుండా పెడల్ ఒక్కటే ఆడతా ఉంటే లోపలి సన్నటి పళ్లు అరిగినట్లు, సగం గేర్ పడేది అందుకే. కొత్త పెడల్ తక్కువ ధరకే వస్తాది. పిల్లోళ్లు గుద్దించిన బళ్లలో పెడల్ లోపలికి వంగి ఇంజన్ కేస్‌కి తగులుతా ఉంటాది, పూర్తిగా నొక్కాననుకుంటారు, అది మధ్యలోనే ఆగిపోతా ఉంటాది.

చైన్ లూజుగా ఉంటే గేర్ వేసినప్పుడల్లా "ధడేల్" అంటాది, అందరూ గేర్‌బాక్స్ అనే అనుకుంటారు. మధ్యలో సుమారు 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట చాలు. స్వర్ణముఖి ఇసకలో తిరిగిన బండి అయితే స్ప్రాకెట్ పళ్లు కొక్కేల మాదిరి వంగినాయేమో కూడా చూడండి, అట్లుంటే చైన్ ఒక్కటే మార్చి లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాల. వెనక యాక్సిల్ నట్లు, హబ్ నట్లు చైనా బళ్లలో వదులవుతా ఉంటాయి, అవి ఆడినా ఇట్లాంటి సౌండే.

ఇవి ఉంటే మాత్రం విప్పాల్సిందే

ఒకటే గేరు, ప్రతిసారీ అదే గేరు, బరువు పడినప్పుడు దాటి బయటికి వస్తా ఉంటే. దీన్ని చిన్న ఎత్తులో చూడండి, సెకండ్‌లో పెట్టి ఎక్స్‌లేటర్ ఇస్తా, వదులుతా, ఇస్తా పోండి. కాలు పూర్తిగా నొక్కి వేసిన గేరు కూడా టక్కున న్యూట్రల్‌కి వస్తే లోపల పళ్ల మూలలు గుండ్రంగా అరిగిపోయాయి, లేదంటే లోపల గేర్లని జరిపే ఫోర్క్ వంగింది. ఆయిల్‌లో తునకలు వచ్చినా, గేర్లో ఉన్నప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే లయలో "కట్, కట్" అన్నా అంతే.

మెకానిక్ కాడికి పోయేటప్పుడు "గేర్ పడటంలే" అని ఒక్క మాట చెప్పి వదిలేయొద్దు. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కినాకా, ఏ గేర్లో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఏమేం మార్చినారు, ఇవి ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. స్ప్లెండర్ ఇంజన్లు బాగా చేసే మనిషి దొరికితే చిన్న చైనా ఇంజన్ ఆయనకి పెద్ద కొత్త కాదు. పెద్ద పోలారిస్ అయితే అది చేసిన అనుభవం ఉన్న చోటికే తీసకపోండి, అందుకు చెన్నై పోయినా తప్పులేదు.

ఇంకా ముఖ్యంగా, ఈ చిన్న ఇంజన్లలో క్లచ్, గేర్ డ్రమ్మును పట్టుకునే నక్షత్రం ఆకారం ముక్క, దాని మీద రోలరు, స్ప్రింగు, ఇవన్నీ కుడి కవర్ కిందే ఉంటాయి. పెడల్ నొక్కితే వెనక్కి రాకపోయినా, న్యూట్రల్ అస్సలు దొరక్కపోయినా, గేర్లు ఒకటి దాటి ఇంకొకటి పడతా ఉన్నా చాలాసార్లు అక్కడ ఒక స్ప్రింగు విరిగి ఉంటాది. దానికి ఇంజన్ ఫ్రేములో నుంచి దించే పనిలేదు, ఆయిల్ తీసి, కవర్ విప్పి, గ్యాస్కెట్ మారిస్తే చాలు. గేర్లు, ఫోర్కులు చూడాలంటేనే ఇంజన్ దించి కేస్ రెండుగా విడదీయాల. కాబట్టి "అన్నా, ముందు కుడి కవర్ ఒక్కటి విప్పి నాకు చూపించు, ఆ తర్వాతే దించేది మాట్లాడుకుందాం" అని చెప్పి, విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. పాత గ్యాస్కెట్, పాత ప్లేట్లు పారేయనీయకుండా ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకోండి, ఇంజన్ కేస్ మీద అచ్చు పోసిన నంబరుని ఫోటో తీసుకోండి, ఈ రెండూ చూపిస్తేనే స్పేర్ పార్ట్స్ షాపులో సరైన సైజు దొరుకుతాది.